దుంగ చివర ముద్ర

కువోపియోలో జనవరి.
తొమ్మిదిన్నరకి గాని తెల్లారదు.
కల్లవేసి సరస్సు మీద మంచు
లారీని మోసేంత మందం.

ఆపరేషన్ గది నుంచి సీసాలో వచ్చింది
తావెత్తి మెడ ధమనిలోని పూడిక.
మూడు సెంటీమీటర్లు.
ఒక పక్క సున్నం కట్టి, ఒక పక్క వెన్నలా జారుతూ,
నడుమ పాత నెత్తుటి మరక.
ఇర్యా దాన్ని అడ్డంగా కోసింది,
ముక్క ముక్కకీ నంబరు వేసింది.
పేరు రాయకూడదు.

నాలుగో రోజు ఆయనే వచ్చాడు,
మెడకి కట్టు, కాళ్లకి ఆసుపత్రి చెప్పులు,
"నాలోంచి తీసిందేదో చూడాలి" అంటూ.
డెబ్బై ఎనిమిదేళ్లు.
వయసులో ఏటి మీద దుంగలు తోలిన మనిషి;
ఇప్పటికీ నేల కదులుతున్నట్టే నడుస్తాడు.

సూక్ష్మదర్శినిలో ఊదారంగు చుక్కలు.
"ఇవి కాపలా కణాలు.
కొవ్వుని ఊడ్చేద్దామని వచ్చాయి.
మింగి మింగి నురగై, అక్కడే కూలబడ్డాయి."

చాలాసేపు కన్ను తీయలేదు తావెత్తి.
"సిగరెట్టు మానేసి ఇరవై ఆరేళ్లు.
వెన్న మాత్రం హెల్లిన్ పోయాకే మానేశాను,
పూసి పెట్టే చెయ్యి లేక.
ఎన్నాళ్లు బతుకుతాయి ఇవి?"
"నెత్తుట్లో అయితే, కొన్ని రోజులు."
"మరి నిన్న పుట్టినవాటికి
నా పాత పొగ సంగతి ఎవరు చెప్పారు?"

ఇర్యా స్టూలు దగ్గరికి లాక్కుంది.
ఎముక మజ్జలో వీటి తల్లులుంటాయి.
ప్రతి కణంలో రెండు మీటర్ల దారం,
కండెలకి చుట్టి, మడిచి, దాచి.
పొగకో కొవ్వుకో జ్వరానికో ఒకసారి ఉలిక్కిపడితే
కొన్నిచోట్ల చుట్టు వదులవుతుంది.
మంట ఆరాక కూడా
తల్లి దాన్ని మునుపటంత బిగించదు.
ఆ వదులుతోనే పిల్లలు పుడతాయి,
చిన్న చప్పుడికే కత్తి దూసే పిల్లలు.
"అని అనుకుంటున్నాం," అంది, "ఇంకా తేలలేదు."

(అక్షరం మారదు, గుణింతం మారుతుంది
అంటాను నేనైతే, నా పలక మీద.
క అదే క.
పొల్లు పడితే గొంతులోనే ఆగిపోతుంది.
పొల్లు చెరిపి ఏత్వం పెట్టు,
కేక మొదలవుతుంది.)

"ఓహో, ముద్రన్నమాట," అన్నాడు తావెత్తి.
"చలికాలమంతా దుంగల చివర సుత్తితో కొట్టేవాళ్లం.
ఒకే అడవి, ఒకే పైన్ చెట్లు.
కింద, దుంగల్ని వేరుచేసే చోట
చెట్టుని ఎవడూ చూడడు, ముద్రని చూస్తాడు.
గుండ్రానిది రంపపు మిల్లుకి,
బాణం గుర్తుది కాగితం మిల్లుకి.
ఇక దారిలో ఒక్కటి అడ్డం తిరిగిందా,
వెనకొచ్చిన వెయ్యీ దాని వీపెక్కుతాయి.
మా అన్న విహ్తొరి
అట్లాంటి పూడిక విప్పడానికే దిగాడు."

ఫ్రీజరు గుర్రుమంటోంది.
ఆ వాక్యాన్ని ఆయన పూర్తి చేయలేదు,
ఆమె అడగలేదు.

కొంతసేపటికి ఆమే అంది:
"ముద్ర చెరపడం కుదిరేదా?"
ముసలాయన పళ్లు లేని వైపు నవ్వాడు.
"దొంగలకి కుదిరేది.
చివర అంగుళం కోసేసి, కొత్తది కొట్టేవాళ్లు.
దుంగ మాత్రం అంగుళం పొట్టిదయ్యేది."

ఇర్యా చెయ్యి ఆగింది.
పై అంతస్తులో రెండేళ్లుగా వెతుకుతున్నదీ అదే,
చెరిపే రసాయనం.
పగని చెరిపితే, దానితోపాటే
న్యుమోనియాని చూడగానే గుర్తుపట్టే చూపు
ఎన్ని అంగుళాలు పోతుందో
ఎలుకలు ఇంకా చెప్పలేదు.

"నా నంబరెంత?"
చెప్పకూడదు. చెప్పింది.
"నూట పద్నాలుగు."
"బాగా కొట్టారు ముద్ర," అన్నాడు,
సీసా మూత మీద వేలితో రాస్తూ.

మైనస్ ఎనభైలోకి వెళ్లింది సీసా.
కారిడార్ కిటికీ దగ్గర ఆగాడాయన.
కింద సరస్సు మీద ఎవరో
చేపల కోసం మంచుకి కన్నం వేస్తున్నారు.
నల్లటి నీళ్లు పైకి ఉబికాయి.
తావెత్తి చెయ్యి మెడ దాకా వెళ్లి,
కట్టు మీద కాసేపు ఉండిపోయింది.
కింద దారి దొరికినట్టు కొట్టుకుంటోంది నాడి.